మనోరమమ్మ ములేఠీ పుల్ల

మనోరమమ్మ మొహం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. ఆరేళ్ళప్పుడు పెద్ద జ్వరమొచ్చి నా చూపు పోయింది. అంతకు ముందు చూసినవాటిలో మా అమ్మ మాసమ్మ కట్టుకున్న ఎర్రచీర, ఎండకు మెరిసే మా ఊరి బండ మాత్రం గుర్తున్నాయి. మిగిలిన లోకమంతా నాకు గొంతుల్లోనే ఉంది. ఆ గొంతుల్లో అన్నిటికంటే నాకు ఇష్టమైనది మనోరమమ్మది.

ఆమె టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఎక్కడెక్కడో ఉన్న ఇద్దరిని కలిపి తను పక్కకు తప్పుకోవడం ఆ ఉద్యోగం నేర్పిన మర్యాద. పుస్తకం చదివేటప్పుడు కూడా అంతే. కాసేపటికి ఆమె ఉన్న సంగతే మరిచిపోయేవాళ్ళం, పుస్తకమే నోరు తెరిచి మాట్లాడుతున్నట్టు ఉండేది. అచ్చుతప్పు వస్తే దాన్ని కూడా ఉన్నది ఉన్నట్టు చదివి, "ఇది తప్పు, వాళ్ళు దిద్దుకోలేదు" అని ముందుకు పోయేది.

ఆమె మాకు దొరకడం ఓ తమాషా. మహబూబ్‌నగర్ దిక్కు నుంచి గ్రూప్స్ పరీక్షలకు చదువుదామని నేను అశోక్‌నగర్‌లో గది కిరాయికి తీసుకున్న కొత్త. కోచింగ్ సెంటర్లో ఇచ్చేవన్నీ చేతిరాత నోట్సు జిరాక్సులు. వాటిని ఫోన్ చదవలేదు. అచ్చు పుస్తకమైతే చదువుతుంది గానీ, ఆ ఫోన్‌లోని ఆడమనిషి 'క్రీ.శ.' కనబడితే చాలు, చుక్కలన్నీ లెక్కపెట్టి మరీ చెప్పేది. చిక్కడపల్లి లైబ్రరీలో కళ్ళున్న దోస్తును బతిమాలి గుసగుసగా చదివించుకుంటుంటే, "చదువుకోండ్రి గని చప్పుడు చెయ్యొద్దు" అన్నారు అక్కడివాళ్ళు. చప్పుడు లేకుండా చదవడం కళ్ళున్నవాళ్ళ విద్య, మాకెట్లా వస్తుంది? నాకు ఒళ్ళు మండి లేచాను. అప్పుడు పక్క బెంచీలో పేపర్ చదువుకుంటున్న ఓ ఆవిడ, "మా ఇల్లు వెనక సందులనే. అక్కడ ఎంత చప్పుడైనా చేసుకోవచ్చు, రండ్రి" అంది. ఆ మాటతో పోయినవాళ్ళం ఏళ్ళ తరబడి పోతూనే ఉన్నాం.

మధ్యాహ్నాలు ఆమె ముందుగదిలో చాపలేసుకుని కూర్చునేవాళ్ళం. నేను, బబ్లూ, ప్రేమ, వస్తూ పోతూ ఇంకొందరు, అందరం చూపు లేనివాళ్ళమే. భర్త ఉమాకాంత్ గారు మాట తక్కువ మనిషి, చాయ్ కప్పు కింద పెడితే గానీ ఆయన ఇంట్లో ఉన్నట్టు తెలిసేది కాదు. పైన ఫ్యాను కిర్రుమంటుంది, కిటికీలో పావురాలు గునుస్తాయి, ఆమె కాకతీయుల చెరువుల పాఠం చదువుతుంది. నాకు మెల్లగా మగత కమ్మేది. నిద్ర కాదు, మెలకువా కాదు. ఆ గదిలోకి నీళ్ళొచ్చి, చాప కింద నుంచి పారి, నా కాళ్ళు తడిసినట్టుండేది. పరీక్షలో చెరువుల ప్రశ్న వస్తే నేను జవాబు గుర్తు తెచ్చుకోలేదు, నీళ్ళలోకి చెయ్యి పెట్టి తీసుకున్నాను.

చదువుతున్నంతసేపూ ఆమె బుగ్గలో ఓ ములేఠీ పుల్ల ఉండేది. అతిమధురం అంటారే, అదే. గొంతు ఆరిపోకుండా ఉంటుందని ఎక్స్‌ఛేంజిలో తోటి ఆపరేటర్లు అలవాటు చేశారట. పేజీ తిప్పినప్పుడల్లా పుల్ల ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు మారేది. గదంతా తడిమట్టిలో బెల్లం కలిపినట్టు ఓ వాసన. మాలో మొదటి ఉద్యోగం వచ్చింది నాకే, ఓ సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా. స్వీటు డబ్బా పట్టుకుని పోతే, "నాకెందుకురా స్వీట్లు? సుల్తాన్ బజార్ పోయి మంచి ములేఠీ తే, నీ తర్వాతోళ్ళకు చదువుత" అంది. అప్పటినుంచి అదో ఆచారమైంది. ఎవరికి ఉద్యోగమొచ్చినా ములేఠీ పొట్లం పట్టుకుని ఆమె దగ్గరికి రావాల్సిందే. ఒక పొట్లం అయిపోకముందే ఇంకొకటి వచ్చేది.

ఉద్యోగమొచ్చాక కూడా నేను ఆ ఇంటికి పోవడం మానలేదు. సాయంత్రాలు ఆమెకు తోడుగా చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా నడిచేవాణ్ణి. రోడ్డు మీద ఎవరెవరో వచ్చి నా చెయ్యి గుంజి, నేను దాటాలనుకోని రోడ్డు దాటించి పుణ్యం కట్టుకుని పోతుంటారు. వాళ్ళంటే నాకు మంట. మనోరమమ్మ అట్లా గుంజేది కాదు, తన మోచెయ్యి నాకు తగిలేంత దగ్గరగా నడిచేది. ఓ సాయంత్రం ఫ్లైఓవర్ దగ్గర ఆగి, "కురుమయ్యా, దీపాలకు రెక్కలొచ్చినయ్ రా" అంది.

"గదేంది?"

"ఒక్కో దీపం చుట్టూ రంగురంగుల గుండ్రాలు. బండ్ల లైట్లు పువ్వుల లెక్క విచ్చుకుంటున్నయ్. మనుషులు పొగల నడుస్తున్నట్టున్నరు. మస్తుగున్నది."

ఎవరైనా పట్నం గురించి చెబితే ట్రాఫిక్ అంటారు, దుమ్ము అంటారు. రెక్కల దీపాలను నాకెవరూ చూపలేదు. ఆ తర్వాత ప్రతి సాయంత్రం నేనే అడిగేవాణ్ణి, ఇవాళ ఎట్లున్నయ్ అని. హోటల్ ముందు చాయ్ ఆవిర్లలో బల్బు కరిగిపోతోందనేది, ఆకాశం కిందికి జారి కరెంటు తీగల మీద ఆరేసినట్టుందనేది. నేను ఆ పట్నంలోనే నడిచేవాణ్ణి. నాకున్న పట్నం అదొక్కటే.

రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయని తేలడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. మొదట 'ప'కు 'వ' చదివింది, తర్వాత పక్క వరుసలోకి జారింది. ఓ మధ్యాహ్నం వాక్యం నడుమ ఆగి, "అక్షరాలు నీళ్ళల్ల పడ్డయ్ రా, కనబడ్తలేవు" అంది. ఫ్యాను కిర్రుమంటూనే ఉంది. చదవలేని మనోరమమ్మను ఊహించుకోవడం నా వల్ల కాలేదు. ఆమె వల్ల అసలే కాలేదు.

ఆపరేషన్ చిన్నదే అన్నారు. పొద్దున పోతే మధ్యాహ్నానికి ఇంటికి. కానీ కంటి ఆసుపత్రిలో బీపీ చూసి, రెండువందలు దాటింది, ఇంత ఉంటే కన్ను ముట్టుకోం, తగ్గించుకుని రమ్మన్నారు. ఇంట్లో ఉమాకాంత్ గారు కంకణం కట్టుకున్నారు. కూరల్లో ఉప్పు పోయింది. ఆవకాయ జాడీ పక్కింటికి పోయింది. చాయ్ బీపీ పెంచుతుందని ఎక్కడో విని, ఆమెతో పాటు తనూ మానేశారు. బీపీ మాత్ర పెద్దదైంది. మళ్ళీ పోతే మళ్ళీ అంతే. ఆసుపత్రి వాళ్ళు మళ్ళీ తిప్పి పంపారు. ఈసారి ఇంకో మాత్ర కలిసింది, నీళ్ళ మాత్రట, ఒంట్లో నీరు లాగేది.

దాంతో ఆమె నడక మారింది. అడుగులు నేలకు తగలనట్టు పడేవి, నా మోచేతి మీద బరువు పెరిగింది. "కాళ్ళు దూది లెక్క అయినయ్. తేలుతున్నట్టున్నది" అని నవ్వేది. రెక్కల దీపాల మధ్య తేలిపోతూ ఓ ముసలామె, ఆమెను పట్టుకుని ఓ గుడ్డివాడు. ఇద్దరికీ కలిపి ఒక కన్ను కూడా పూర్తిగా లేదు. వినడానికి బాగానే ఉంది గానీ నాకు భయమేసింది. ఈ లెక్కన ఏదో ఓ రోజు తల లోపల నరం చిట్లితే మనిషే ఉండదు, ఇక చదువెక్కడిది?

నేనే పోరు పెట్టి బర్కత్‌పురలో డాక్టర్ భాగ్యశ్రీ దగ్గరికి తీసుకుపోయాను. ఉమాకాంత్ గారు మోకాళ్ళ నొప్పితో ఇంట్లో ఉండిపోయారు. డాక్టర్ గొంతు వయసులో చిన్నది, తొందర లేనిది. పాత కాగితాలన్నీ చూసి, రక్తపరీక్షలో పొటాషియం బాగా పడిపోయింది, అందుకే కాళ్ళల్లో సత్తువ లేదంది. తర్వాత ఓపికగా అడగడం మొదలుపెట్టింది. జలుబు గోలీలు వాడుతున్నారా? కీళ్ళనొప్పుల గోలీలు? ఇన్‌హేలర్? ఆయుర్వేదం, హోమియో ఏమన్నా? మనోరమమ్మ ఒక్కోదానికి లేదు, లేదు అంటూ పోయింది.

"అలవాట్లు ఏమన్న ఉన్నయా మేడం?"

"రాం రాం! ఏం అడుగుతున్నరమ్మా? మా ఇంట్ల ఎవ్వరికీ ఏ అలవాట్లూ లేవు. చాయ్ గూడ బందు వెట్టిన."

మన దగ్గర అలవాట్లు అంటే సిగరెట్టు, గుట్కా, మందు. అవి లేని మనిషికి ఏ అలవాటూ లేనట్టే. రోజంతా ఏం నమిలినా అది అలవాటు కిందికి రాదు. కానీ ఆమె అంత రోషంగా చెబుతుంటే మాటలు కాస్త ముద్దగా వస్తున్నాయి, బుగ్గలో పుల్ల అడ్డం పడి. నాకు నవ్వొచ్చి, ఆటపట్టిద్దామని, "అబద్ధం డాక్టరమ్మా. అమ్మకు పెద్ద అలవాటున్నది. నోట్ల పుల్ల లేకుంటే మాటనే రాదు" అన్నాను.

డాక్టర్ నవ్వలేదు. "ఏం పుల్ల?" అంది.

"ములేఠీ పుల్లమ్మా" అంది మనోరమమ్మ. "గొంతుకు మంచిదని."

"దినాం చప్పరిస్తరా? ఎంతసేపు?"

"ఇంతకుముందు చదివేటప్పుడే. చాయ్ మానేసినప్పటి సంది నోరు ఊకుంటలేదని, పొద్దంతా ఉంచుకుంటున్న."

కుర్చీ ముందుకు జరిగిన చప్పుడైంది. "మేడం, చాయ్ తాగితే బీపీ కొంచెంసేపు పెరిగి మళ్ళ దిగుతది. కొన్ని జలుబు గోలీలు, నొప్పి గోలీలు గూడ పెంచుతయ్, అందుకే అడిగిన. ఈ పుల్ల వేరే తీరు. దీంట్ల ఉన్న తియ్యదనం ఒంట్లకెళ్ళి ఉప్పును బయటికి పోనియ్యది, పొటాషియంను మాత్రం తోలేస్తది. మీరు కూరల మానేసిన ఉప్పును ఈ పుల్ల ఒంట్లనే కూసోబెట్టింది. పైనుంచి నీళ్ళ మాత్ర ఉన్న పొటాషియంను గూడ ఊడ్చింది."

"ఇది మందు గాదు కదమ్మా, చెట్టు వేరు" అంది మనోరమమ్మ బలహీనంగా.

"మందే మేడం. మీద పేరు రాసి లేదు, అంతే. ఇయ్యాల్టి సంది ఒక్క ముక్క గూడ వద్దు. మాత్రలు నేను మారుస్తా. ఇన్నేండ్ల సంగతి ఒక్క పూటల పోదు, రెండు మూడు వారాలు ఓపిక పట్టండి. తగ్గినంక కంటి దవాఖానకు నేనే రాసిస్త."

పుల్లను కాగితంలో ఉమ్మి చుట్టిన చప్పుడు విన్నాను. ఆటోలో కూర్చున్నాక నాకు తట్టింది, ఆ పుల్లలన్నీ ఎక్కడివని. నావి, బబ్లూవి, ఉద్యోగమొచ్చిన ప్రతివాడివి. ఎంత వెతికి, వాసన చూసి, లావువి ఏరి తెచ్చేవాళ్ళం! మా అభిమానమే ఆమె కళ్ళకు అడ్డం పడింది. ఏడుపొచ్చింది, ఆటోవాడు చూస్తాడని ఆపుకున్నాను.

బీపీ నిజంగానే మెల్లగా దిగింది. కాళ్ళకు నేల మళ్ళీ దొరికింది. కానీ పుల్ల లేని నోటికి గొంతు ఎదురు తిరిగింది. ముందు గరగర, తర్వాత చీలిక, కొన్ని మాటల చివర గాలి తప్ప ఏమీ లేదు. వయసు వల్ల గొంతు ఎప్పుడో అరిగిపోయింది కాబోలు, పుల్ల దాన్ని ఇన్నాళ్ళూ కప్పిపెట్టింది. చూపు లేక చదువు ఎట్లాగూ ఆగింది కాబట్టి మాకు పెద్దగా తెలియలేదు, ఆమెకు తెలిసింది. ఓ సాయంత్రం బబ్లూ మామూలుగానే, "కొత్త యాప్ వచ్చిందమ్మా, చేతిరాత గూడ చదువుతదట" అన్నాడు. మనోరమమ్మ మంచిదే కదా అంది. వాడు పోయాక నాతో అంది, "కండ్లు వస్తయ్ రా, గొంతు వోతది. గొంతు లేకుంటే మీరెందుకొస్తరు నా దగ్గరికి?"

నాకు కోపమొచ్చింది. "మేము గంత స్వార్థపోళ్ళమా?" అన్నాను. "స్వార్థం గాదురా, అవసరం" అంది. ఆ కోపంతోనే ఇంటికి పోయాను.

కంటి ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. ఇంకో నాలుగు రోజులుందనగా ప్రేమ వచ్చింది. చాలా రోజులుగా ఊళ్ళోనే ఉండిపోయింది, ఇక్కడి సంగతులేవీ తెలియవు. గ్రామీణ బ్యాంకులో ఉద్యోగం వచ్చిందట. వస్తూనే మనోరమమ్మ చేతులు వెతికి పట్టుకుని, పొట్లం పెట్టింది. "అమ్మా, ఒక్కదాన్నే సుల్తాన్ బజార్ పోయిన. కర్ర వట్టుకొని, ఎవ్వర్నీ చెయ్యి అడగకుంట. నాలుగు దుకాన్లు తిరిగి తెచ్చిన. నోట్లె వెట్టుకో, నేను వినాలె."

పొట్లం విప్పగానే ఆ వాసన గదిలోకి వచ్చింది. ఆ మధ్యాహ్నాలన్నీ, చెరువులూ, చాప కింది నీళ్ళూ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. పుల్ల నోట్లో పెట్టుకుంటే గొంతు తిరిగొస్తుందని ఆమెకు అనిపించకుండా ఉంటుందా? నాకే అనిపించింది. వద్దని అరుద్దామంటే ప్రేమ మొదటి ఉద్యోగం, మొదటిసారి ఒంటరిగా దాటిన బజారు. అరవకుండా చాప అంచు పీకుతూ కూర్చున్నాను.

తర్వాత మనోరమమ్మ చప్పరిస్తున్న చప్పుడైంది. "మంచిగున్నదే బిడ్డ, మస్తు తియ్యగున్నది" అంది.

చెవి పెట్టి విన్నాను. పుల్ల పళ్ళకు తగిలే టక్కుమనే చప్పుడు లేదు. ఉత్త నోరు. ఆమె ఏమీ లేకుండా చప్పరిస్తోంది. అచ్చుతప్పును కూడా దాచకుండా చదివిన మనిషి, చూడలేనివాళ్ళ ముందు మొదటిసారి లేనిది ఉన్నట్టు చేస్తోంది. ప్రాణం లేచి వచ్చింది గానీ, దాని వెనకే నాకు ఒళ్ళు మండింది. అడుగుదామని నోరు తెరిచేలోపు ప్రేమే అంది, "అమ్మా, నీ నోట్లె పుల్ల లేదు."

"డాక్టర్ వద్దన్నదే" అంది మనోరమమ్మ. గొంతు చీలింది. "అది నోట్ల ఉంటే బీపీ దిగది. బీపీ దిగకుంటే కన్ను జెయ్యరు. నువ్వు అంత దూరం నడిచి తెచ్చినవ్, ఏమనాల్నో తెల్వలే."

ప్రేమ పొట్లం కాగితాన్ని మడిచిన చప్పుడైంది. "నాకు ఉద్యోగం వచ్చిందని చెప్పనీకె వచ్చిన. చెప్పిన. ఇగ దీనితోని ఏం పని?" అని సంచిలో వేసుకుంది. ఆ పిల్ల మీద నాకు అంత గౌరవం అంతకు ముందెప్పుడూ కలగలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున బీపీ చూసి, సరిగ్గా ఉందన్నారు. మనోరమమ్మను లోపలికి తీసుకుపోయారు. నేను, ఉమాకాంత్ గారు బయట బల్ల మీద కూర్చున్నాం. ఆయన నా చేతిని తన చేతిలోకి తీసుకుని, అట్లాగే పట్టుకున్నారు. నేను గుంజుకోలేదు.

చదువుకోవచ్చని డాక్టర్లు చెప్పిన రోజు అందరం చేరాం. తలుపు తీస్తూనే నన్ను చూసి, "ఇన్ని దినాలు మసకమసకల అందగాడివనుకున్న కదరా" అంది. అందరూ నవ్వారు. దీపాలు ఎట్లున్నాయని అడిగితే, "దీపాలే రా, గుడ్డి దీపాలు. ఒక్కదానికి గూడ రెక్కల్లేవు" అంది. నా పట్నం పోయిందని కొంచెం దిగులేసిన మాట నిజం.

మొదటిరోజు నోట్సు వద్దు, కథ చదువుకుందామంది. లైబ్రరీ నుంచి తెచ్చిన పాత పత్రిక తీసింది. ఓ ఊళ్ళో వానలకు చెరువు కట్ట తెగే కథ. అక్షరం ఒక్కటి తడబడలేదు, చూపు అంత స్పష్టంగా ఉంది. గొంతే నిలవలేదు. నాలుగు వాక్యాలకు చీలింది. నీళ్ళు తాగి మొదలుపెట్టింది, మళ్ళీ చీలింది. 'ఆ రాత్రి కట్ట తెగింది' అన్నచోట మాట పూర్తిగా పోయి ఉత్త గాలి వచ్చింది. పత్రిక మూసిన చప్పుడైంది.

"బబ్లూ, నీ ఫోన్ తియ్యి బిడ్డ. దానితోని చదివించుకోండ్రి. నా తోని అయితలేదు" అంది.

ఏదో ఒకటి అనాలనుకున్నాను. అంటే ఓదార్పు అవుతుంది, ఓదార్పు ఆమెకు పడదు. ఎవరూ కదలలేదు. బబ్లూ చెయ్యి జేబులోకి పోలేదు, పోతే నాకు వినబడేది.

"కట్ట తెగిందా?" అంది ప్రేమ. "తర్వాత ఏమైందమ్మా?"

మనోరమమ్మ మళ్ళీ పత్రిక తెరిచింది. ముక్కు తుడుచుకుంది. పేజీ వెతుక్కుంది. చిరిగిన ఆ గొంతుతోనే, ఊరివాళ్ళందరూ లాంతర్లు పట్టుకుని గట్టు మీదికి పరుగెత్తారు, అని చదివింది.

"జర గట్టిగ చదువమ్మా" అన్నాడు బబ్లూ, "వెనక కూసున్న."